పార్టీలో దాల్చిన చెక్క షాట్: అత్తగారికి పాలని చెప్పేయాలా?

న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి ఒకావిడ చాలా పెద్ద ఉత్తరం రాశారు. మొత్తం వేయడం కుదరదు కాబట్టి ముఖ్యమైనవి చెప్తాను.

వచ్చే నెల వాళ్ళాయనకి నలభై నిండుతాయి. పార్టీ ఇంట్లోనే. పెద్దవాళ్ళు ఇరవై మంది దాకా వస్తారు, పిల్లలు తొమ్మిది మంది. పెద్దవాళ్ళలో మందు ముట్టేది ఓ పన్నెండు మంది. ఆయనకి ఎమ్మెస్ చదివే రోజుల నుంచీ బాగా ఇష్టమైన షాట్ (చిన్న గ్లాసులో పోసి ఒక్క గుక్కలో తాగేసే మందు) ఒకటుంది. అక్కడి బార్లలో దాన్ని 'సినమన్ టోస్ట్ క్రంచ్' అంటారు. రమ్‌చాటా అనే క్రీము లిక్కరు, ఫైర్‌బాల్ అనే దాల్చిన చెక్క విస్కీ సగం సగం కలిపి, గ్లాసు అంచుకి పంచదార, దాల్చిన చెక్క పొడి అద్ది ఇస్తారు. పుట్టినరోజుకి దాన్ని ఇంట్లోనే తయారు చేయాలని ఆయన సరదా.

ఆవిడ క్రితం డిసెంబరు 31 రాత్రి ఒకసారి ప్రయత్నించారట. "టూ పర్సెంట్ పాలు మరిగించి, దాల్చిన చెక్క పొడి, పంచదార వేసి, వేడి మీదే విస్కీ పోశాను. నిమిషంలో పన్నీరులా విరిగిపోయింది. అడుగున జిగురుజిగురుగా ఏదో పేరుకుంది. అందరూ నవ్వేశారు, నాకు మాత్రం ఏడుపొచ్చింది" అని రాశారు.

అసలు బాధ ఇది కాదు. అత్తమామలు రాజమండ్రి నుంచి వచ్చి ఆరు నెలలు ఉంటున్నారు. దేవుడి అలమార వంటింట్లోనే ఉంది. మామగారికి షుగరు, మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ మాత్రలు వాడుతున్నారు. కొడుకు తాగుతాడని వాళ్ళకి లీలగా తెలిసే ఉండొచ్చు గానీ ఆ మాట ఎప్పుడూ ఎదురుగా రాలేదు. కోడలు కూడా ఎప్పుడైనా ఒక షాట్ తీసుకుంటుందన్న సంగతి అసలే తెలియదు. దీనికి భర్త చెప్పిన ఉపాయం: "చూడ్డానికి పాలలాగే ఉంటుంది కదా, అమ్మ అడిగితే దాల్చిన చెక్క పాలని చెప్పేయ్." దానికి తోడు వచ్చేవాళ్ళలో ఒకాయన ఏడాదిగా మందు మానేసి ఉన్నారు, ఆయన భార్య ఈవిడకి దగ్గర స్నేహితురాలు. "వద్దంటే ఆయన పుట్టినరోజు నేనే పాడుచేసినట్టు. సరేనంటే అత్తయ్యగారి మొహం మీదే అబద్ధం చెప్పినట్టు. ఎటూ తేలక నిద్ర పట్టడం లేదక్కా. ఆయనతో ఈ మాట ఎలా మొదలుపెట్టాలి? కనీసం విరక్కుండా చేయడమైనా చెప్పండి" అని ముగించారు.

సమాధానం:

విరక్కుండా చేయడం తప్పకుండా చెప్తాను, అది తేలికే. కానీ ముందు ఆ "పాలని చెప్పేయ్" దగ్గర ఆగాలి. మీరు దాన్ని మర్యాదకి సంబంధించిన విషయంగా చూస్తున్నారు, అత్తగారితో అబద్ధమాడటం తప్పా ఒప్పా అని. అది తప్పో ఒప్పో తర్వాత. నాకు అంతకంటే ముందు కనిపించేది ప్రమాదం.

ఈ షాట్ గొప్పతనమంతా మందులా అనిపించకపోవడంలోనే ఉంది. తెల్లగా చిక్కగా ఉంటుంది, తియ్యగా గొంతు దిగిపోతుంది, వాసన చూస్తే దాల్చిన చెక్క, వెనిల్లా తప్ప ఇంకేమీ తెలియదు. తాగేవాళ్ళకి ఇదే ఇష్టం. ఇప్పుడు ఆ గ్లాసులు ఉన్న ట్రే వంటింటి గట్టు మీద ఉందనుకోండి, అవి పాలేనని మీ అత్తగారు నమ్మారనుకోండి. ఆవిడ ఏం చేస్తారు? ఇంటి నిండా పిల్లలున్నారు. నాలుగేళ్ళ వాడొకడు వచ్చి "నానమ్మా, నాకు" అని చెయ్యి చాపితే, పాలే కదా అని ఆవిడే ప్రేమగా అందిస్తారు. మామగారు అడిగితే, తీపి కదా సగమే తాగండి అంటూ ఒకటి ఇస్తారు. ఆవిడ తప్పు ఏమీ ఉండదు, మీరు చెప్పిన మాటే ఆవిడ నమ్మారు.

మామగారి సంగతి తేలిగ్గా తీసుకోకండి. గ్లిమెపిరైడ్ వాడేవాళ్ళు మద్యం పుచ్చుకుంటే రక్తంలో చక్కెర ఉన్నట్టుండి పడిపోవచ్చు. మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళని కూడా మద్యం విషయంలో జాగ్రత్తగా ఉండమనే డాక్టర్లు చెప్తారు. పిల్లలకైతే ఇంకా త్వరగా చక్కెర పడిపోతుంది, మగతగా అయిపోతారు, ఫిట్స్ కూడా రావొచ్చు. పైగా ఈ షాట్‌కి పెట్టిన పేరు చూడండి. సినమన్ టోస్ట్ క్రంచ్ అంటే జనరల్ మిల్స్ కంపెనీ వాళ్ళ బ్రేక్‌ఫాస్ట్ సీరియల్, 1984 నుంచి అమెరికా పిల్లలు పొద్దున్నే పాలలో వేసుకు తింటున్నదే. మీవారు హాల్లో నిలబడి "సినమన్ టోస్ట్ క్రంచ్ ఎవరికి కావాలి?" అని అరిస్తే మొదట పరుగెత్తుకొచ్చేది ఎవరో మీకే తెలుసు. ఆ రోజు ఆ పేరు వాడొద్దని ఆయనకి చెప్పండి. ఒకవేళ ఏ పిల్లాడైనా ఒక గుక్క తాగేశాడని అనుమానం వచ్చినా, మత్తుగా కనిపించేదాకా చూస్తూ కూర్చోకుండా వెంటనే పాయిజన్ కంట్రోల్‌కి (విషం లాంటివి మింగినప్పుడు సలహా చెప్పేవాళ్ళకి) ఫోన్ చేయండి, 1-800-222-1222, దేశమంతటా ఒకటే నంబరు, రాత్రీ పగలూ ఎత్తుతారు. పిల్లవాడు లేపినా లేవకపోయినా, ఫిట్స్ వచ్చినా నేరుగా 911.

కాబట్టి ఒక్క విషయంలో మాత్రం నేను అటూ ఇటూ చెప్పను: ఆ గ్లాసులో ఉన్నది మందు అని ఆ ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళందరికీ తెలిసుండాలి. మిగతాదంతా మీ ఇష్టం, దారులు చాలా ఉన్నాయి.

మొదటిది, ముందే చెప్పేయడం. అయితే చెప్పాల్సింది మీరు కాదు, మీవారు. ఇది ఆయన పుట్టినరోజు, ఆయన స్నేహితులు, ఆయన అమ్మానాన్నలు. "అమ్మా, శనివారం ఫ్రెండ్స్ వస్తున్నారు, కొంతమంది డ్రింక్ చేస్తారు, నేనూ కొంచెం తీసుకుంటాను. కింద బేస్‌మెంట్‌లో పెట్టుకుంటాం, వంటింట్లోకి తేము." ఇంతే. పార్టీ రోజు పొద్దున హడావుడిలో కాకుండా వారం ముందు, భోజనాలయ్యాక తీరిగ్గా కూర్చున్నప్పుడు చెప్పమనండి. ఆవిడ రెండు రోజులు మూతి ముడుచుకోవచ్చు. "మన ఇంటా వంటా లేదు" అనొచ్చు. మామగారు ఏమీ అనకుండా పేపరు తిరగేయవచ్చు. వారం ముందే చెప్పడం ఎందుకంటే ఈ కోపతాపాలన్నీ పార్టీ నాటికి చల్లారతాయి. ఇందులో నష్టం లేదని నేను అనను. మీ ఇంట్లో ఇప్పటిదాకా తెలిసీ తెలియనట్టు నడిచిన ఒక విషయం ఇకమీదట బయటపడిపోతుంది, దాన్ని మళ్ళీ లోపలికి తొయ్యలేరు. కొన్ని కుటుంబాల్లో ఆ తెలియనట్టు ఉండటమే అందరికీ హాయి. మీది అలాంటిదో కాదో మీకు తెలుస్తుంది.

మీరు కూడా తీసుకుంటారన్న సంగతి చెప్పాలా? అది పూర్తిగా మీ సొంత విషయం. కొడుకు తాగితే "వయసు, స్నేహాలు" అని సర్దుకునే అత్తగారు కోడలి దగ్గరికి వచ్చేసరికి అంత తేలిగ్గా సర్దుకోరు, ఇది అన్యాయమే అయినా మన ఇళ్ళలో ఉన్నదే. ఆ రోజు మీరు తాగకుండా ఉండి, ఇంకెప్పుడైనా బయటికి వెళ్ళినప్పుడు తీసుకుంటే అందులో మోసం ఏమీ లేదు. లేదు, నా ఇంట్లో నేను దాక్కోవడమేంటి అనుకుంటే అదీ న్యాయమే, కానీ అప్పుడు ముందు మీవారితో మాట్లాడుకోండి, అత్తగారు ఒక మాట అంటే ఆయన మీ పక్కన నిలబడతారా లేక ఫోన్ చూసుకుంటారా అన్నది తేలాలి. తేలకుండా మాత్రం దిగకండి.

రెండో దారి, పార్టీని రెండుగా చేయడం. సాయంత్రం ఇంట్లో కేకు, భోజనాలు, అత్తమామలతో, పిల్లలతో. ఇంకోరోజు రాత్రి స్నేహితులు మాత్రం ఇంకెవరింట్లోనైనా, లేదంటే హోటల్లో. న్యూజెర్సీలో మన మందు మనమే పట్టుకెళ్ళి తాగడానికి ఒప్పుకునే రెస్టారెంట్లు చాలా ఉన్నాయి, లిక్కర్ లైసెన్సు లేనిచోట్ల సాధారణంగా వైను, బీరు వరకే గానీ ఇలాంటివి తేనివ్వరు, కాబట్టి ఈ షాట్ కావాలంటే స్నేహితుల ఇల్లే నయం. దీనివల్ల ఇంట్లో గొడవ ఉండదు. ఖర్చు, శ్రమ రెట్టింపు. పైగా "మా కోసం కొడుకు పుట్టినరోజు బయట చేసుకున్నాడు" అని వాళ్ళకి తర్వాత తెలిస్తే, ఇంట్లో తాగాడని తెలిసినదానికంటే ఎక్కువ నొచ్చుకోవచ్చు. కొంతమంది తల్లులు అంతే.

మూడోది, వాళ్ళు తిరిగి వెళ్ళేదాకా ఇంట్లో మందు పెట్టకపోవడం. ఈ ఆరు నెలలూ మీవారు నవ్వుతూ ఉండగలిగితే ఇది చాలా మంచి దారి, లేక దాన్ని మీరు బలవంతంగా ఒప్పించినట్టయితే చెడ్డ దారి. మీ ఉత్తరం చదివితే ఆయన ఒప్పుకుంటారనిపించడం లేదు. ఒప్పుకోకపోతే తోయకండి, ఆ నింద మీ మీదికే వస్తుంది.

ఇక మానేసి ఉన్న ఆ స్నేహితుడి విషయం. ఆయన్ని పిలవాలా వద్దా అని మీరే నిర్ణయించేసి పిలవకుండా ఉండకండి. ఆయన భార్య మీకు దగ్గరే కాబట్టి ఫోన్ చేసి, షాట్లు ఉంటాయని, బేస్‌మెంట్‌లో ఉంటాయని ఉన్నదున్నట్టు చెప్పండి. వస్తారో, భోజనానికి మాత్రం వచ్చి వెళ్తారో, ఈసారికి వద్దనుకుంటారో వాళ్ళే చూసుకుంటారు. మందు లేని షాట్ అదే గ్లాసులో ఆయన చేతిలో పెట్టి "నువ్వూ మాతో కలువు" అనడం చాలామంది మంచి మనసుతోనే చేస్తారు, కానీ అదే వాసన, అదే తీపి, అదే గ్లాసు కొందరికి పాత అలవాటుని తట్టి లేపుతాయి. ఆయనకి నిమ్మకాయ సోడానో, అల్లం, కరివేపాకు దంచి వేసిన మజ్జిగో ఇవ్వండి. ఎందుకు తాగడం లేదని ఎవరైనా వేధించడం మొదలుపెడితే మీవారు అక్కడే ఆపాలి, ఈ మాట ముందే ఆయన చెవిన వేయండి.

సరే, వంటింట్లోకి వద్దాం.

మీ పాలు విరగడానికి మూడు కారణాలు కలిశాయి: వేడి, వెన్న తక్కువ పాలు, ఘాటైన మందు. మన ఊళ్ళలో పాల కేంద్రానికి పాలు పోయడానికి వెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు, చిన్న గాజు గొట్టంలో కాసిని పాలు, అంతే ఆల్కహాల్ పోసి ఊపుతారు. పాలు పులుపెక్కి ఉంటే గోడకి తెల్లటి పలుకులు అంటుకుంటాయి, ఆ పాలు వెనక్కి పంపేస్తారు. పాలలోని కేసీన్ అనే మాంసకృత్తు ఆమ్లానికీ ఆల్కహాల్‌కీ ముద్దకడుతుంది, వేడి ఉంటే ఇంకా తొందరగా. పాలలో వెన్న ఎక్కువ ఉండి, మాంసకృత్తు తక్కువ ఉంటే అంత తేలిగ్గా విరగదు. అమెరికాలో హెవీ క్రీమ్ అని అమ్మాలంటే కనీసం 36 శాతం వెన్న ఉండాలి, అందుకే ఇలాంటివాటికి అదే వాడతారు. టూ పర్సెంట్ పాలతో మీరు ఎంత జాగ్రత్తపడినా ఇబ్బందే. అడుగున కనిపించిన ఆ జిగురు దాల్చిన చెక్క పొడిది. నీళ్ళలో నానితే అది ఉబ్బి జిగురవుతుంది, కరగడం అనేది జరగదు. లోపల పొడి వేయకండి, చెక్కలే వాడండి.

అన్నీ సీసాల్లో కొనేస్తే అసలు పనే లేదు. రమ్‌చాటా విస్కాన్సిన్‌లో 2009లో మొదలైంది, రమ్ము, పాల మీగడ, దాల్చిన చెక్క, వెనిల్లాతో చేస్తారు, ఆల్కహాల్ 14 శాతానికి కాస్త తక్కువ. ఫైర్‌బాల్ విస్కీ 33 శాతం. ఫైర్‌బాల్ కొనేటప్పుడు లేబుల్ చదవండి, ఎందుకంటే దాదాపు అదే సీసాలో, అదే బొమ్మతో, 'విస్కీ' అన్న మాట లేకుండా 'సినమన్' అని మాత్రమే ఉండేది ఇంకొకటి వస్తుంది, అది విస్కీ కాదు, మాల్ట్‌తో చేసినది, 16.5 శాతమే ఉంటుంది. పక్క రాష్ట్రాలకి వెళ్ళినప్పుడు సూపర్ మార్కెట్లో, పెట్రోలు బంకులో చిన్న సీసాలు కనిపించాయని తెచ్చుకునేది ఎక్కువగా అదే. చెడ్డదేమీ కాదు గానీ మీరు లెక్క వేసుకున్నది వేరే దానికి.

క్రీము ఇంట్లోనే చేయాలంటే ఇలా చేయండి. ఒక కప్పు, అంటే 240 మి.లీ. చిక్కటి హోల్ మిల్క్‌లో నాలుగు దాల్చిన చెక్కలు విరిచి వేసి, చిటికెడు ఉప్పు వేసి, సన్నటి సెగ మీద పది నిమిషాలు ఉంచండి. మరిగి పొంగకూడదు, అంచుల దగ్గర చిన్న చిన్న బుడగలు కడితే చాలు. దించి మూతపెట్టి అరగంట వదిలేయండి. అప్పటికి పాలు లేత గోధుమ రంగుకి తిరుగుతాయి, మూత తీయగానే వాసన హాల్లోకి వస్తుంది. పల్చటి గుడ్డలో వడకట్టి ఫ్రిజ్‌లో పెట్టండి, పూర్తిగా చల్లబడేదాకా. ఈ చల్లబడటం దగ్గర తొందరపడకండి. తర్వాత 14 ఔన్సుల కండెన్స్‌డ్ మిల్క్ డబ్బా ఒకటి, ఒక కప్పు హెవీ క్రీమ్ కలిపి మెల్లగా గిలకొట్టండి. గట్టిగా గిలకొడితే మీగడ బిగుసుకుపోతుంది, కలిసేదాకా చాలు.

ఇక్కడ ఆగండి. ఈ మిశ్రమం ఇప్పుడు దాదాపు 780 మి.లీ. ఉంటుంది, ఇందులో ఇంకా మందు లేదు. సగం వేరే గిన్నెలోకి తీసేయండి, అది పిల్లలకీ, మందు ముట్టని పెద్దవాళ్ళకీ. అందులో గోరువెచ్చటి పాలలో నానబెట్టిన కుంకుమపువ్వు వేసి పచ్చగా చేయండి, ఎక్కువ పాలు పోసి పల్చన చేసి, స్టీలు గ్లాసుల్లో పోసి పై అంతస్తులో డైనింగ్ టేబుల్ మీద పెట్టండి. రంగూ వేరు, గ్లాసూ వేరు, చోటూ వేరు. చదవడం రాని పిల్లాడికి కూడా తేడా తెలుస్తుంది. ఒక చిన్న విషయం, వెనిల్లా ఎక్స్‌ట్రాక్ట్‌లో అమెరికా నిబంధనల ప్రకారం కనీసం 35 శాతం ఆల్కహాల్ ఉంటుంది. చెంచాడు వేస్తే మత్తు రాదు, కానీ అత్తగారికి పట్టింపు ఉంటే ఈ సగంలో వెనిల్లా వేయకండి, ఏలకుల పొడి వేయండి, నిజానికి అదే ఎక్కువ బాగుంటుంది. మామగారికి మాత్రం ఇదీ వద్దు, కండెన్స్‌డ్ మిల్క్‌లో సగానికి పైగా చక్కెరే. ఆయన కోసం దాల్చిన చెక్క పాలు చప్పగా ఒక గ్లాసు విడిగా కాచి ఉంచండి.

మిగిలిన సగంలో అర చెంచా వెనిల్లా వేసి, 120 మి.లీ. తెల్ల రమ్ము సన్నటి ధారగా పోస్తూ కలపండి. రమ్ము కూడా చల్లగా ఉండాలి. ఇందులో ఆల్కహాల్ తొమ్మిది, పది శాతం అవుతుంది. ముందు రోజు చేసి పెట్టుకుంటే రుచి బాగా పడుతుంది. కాస్త తేరినట్టు కనిపిస్తే సీసా ఊపితే కలిసిపోతుంది. ఊపినా పలుకులు పలుకులుగానే ఉంటే అది విరిగినట్టే, వడకట్టి వాడదామని చూడకండి, పారబోయండి.

పార్టీలో ఒక్కో షాట్‌కి ఈ క్రీము 22 మి.లీ., ఫైర్‌బాల్ 22 మి.లీ. రెండూ బాగా చల్లగా ఉంటే ఐసుతో పని లేదు. దాల్చిన చెక్క ఘాటు వద్దనుకునేవాళ్ళకి క్రీము రెండు పాళ్ళు, విస్కీ ఒక పాలు కలపండి, నన్నడిగితే అదే బాగుంటుంది, నాలుక మండదు, పాల రుచి నిలుస్తుంది. నిమ్మరసం, నారింజ రసం, కోలా వంటివి దగ్గరికి రానివ్వకండి, పులుపు తగిలితే గ్లాసులోనే విరుగుతుంది. అంచుకి మూడు చెంచాల పంచదారకి ఒక చెంచా దాల్చిన చెక్క పొడి సరిపోతుంది, కండెన్స్‌డ్ మిల్క్ వేలితో పల్చగా రాసి అద్దండి. మందంగా అద్దితే షాట్ ఒక్క గుక్కలో ఎత్తేటప్పుడు పొడి గొంతులోకి పోయి ఉక్కిరిబిక్కిరి అవుతారు, ఉబ్బసం ఉన్నవాళ్ళకి అది మంచిది కాదు. ఆ పొడి కూడా చౌకగా దొరికిందని ఏదో ఒకటి కొనకండి. 2024 మార్చిలో అమెరికా ఎఫ్‌డీఏ (ఆహారం, ఔషధాల నాణ్యత చూసే ప్రభుత్వ సంస్థ) కొన్ని బ్రాండ్ల దాల్చిన చెక్క పొడిలో సీసం ఎక్కువుందని హెచ్చరించింది, ఆ తర్వాత కూడా జాబితా పెంచుతూ వచ్చింది. వాళ్ళ సైట్‌లో పేర్లు ఉన్నాయి, చూసుకోండి. పిల్లలున్న ఇంట్లో ఇది తప్పనిసరి.

ఎంత కొనాలన్నది మీరు అడగలేదు గానీ చెప్పాలి. ఫైర్‌బాల్ పెద్ద సీసా 750 మి.లీ., దానితో ముప్పై నాలుగు షాట్లు అవుతాయి. పన్నెండు మందికి ఇది ఎక్కువే. 375 మి.లీ. సీసాతో పదిహేడు వస్తాయి, పైన చెప్పిన సగం క్రీము కూడా దానికి సరిపోను ఉంటుంది, మనిషికొకటి ఇచ్చి ఇంకా మిగులుతాయి. ఈ షాట్లు రెండు తాగితే అమెరికాలో లెక్కగట్టే ఒక స్టాండర్డ్ డ్రింక్ అయినట్టే, అంటే 14 గ్రాముల ఆల్కహాల్. ఒక్కోటీ చిన్నదే, కానీ తీపి కదా అని పావుగంటలో నాలుగు ఎత్తేస్తే, వాటి సంగతి అరగంట తర్వాత తెలుస్తుంది, అప్పటికి ఆ మనిషి కారు తాళాలు వెతుక్కుంటూ ఉంటాడు. అందుకే భోజనాలు కాకముందు ఇవ్వకండి. కేకు కోశాక, అందరూ కడుపునిండా తిన్నాక, ఒక్కసారి ఇచ్చేసి సీసా లోపల పెట్టేయమనండి.

మీరుండేది న్యూజెర్సీ కాబట్టి ఇంకో మాట. 1984లో కెల్లీ వర్సెస్ గ్విన్నెల్ అనే కేసులో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు, ఇంటికొచ్చిన అతిథి మత్తులో ఉన్నాడని, కారు నడపబోతున్నాడని తెలిసి కూడా ఇంకా పోస్తే, అతను దారిలో చేసిన ప్రమాదానికి పోసినవాళ్ళు కూడా బాధ్యులేనని తీర్పు చెప్పింది. తర్వాత దాని మీద చట్టం కూడా వచ్చింది. పైకే తూలుతూ కనిపిస్తున్న మనిషికి మళ్ళీ పోయడం అక్కడ ఆతిథ్యం కిందికి రాదు. ఎవరు ఎవరి కారులో వెళ్తారో పార్టీ మొదట్లోనే అడిగి పెట్టుకోండి, తాగినవాళ్ళకి ఊబర్ పిలవండి, లేదా బేస్‌మెంట్‌లో నాలుగు పరుపులు వేయండి. ఈ పని మీవారిది. ఆ రోజు ఆయనే అందరికంటే ఎక్కువ తాగేట్టయితే ఇంకొకరికి ముందే అప్పగించండి, అది మీ నెత్తిన పడకుండా.

మీవారితో ఎలా మొదలుపెట్టాలని అడిగారు కదా. "పాలని చెప్పను" అనే మాటతో మొదలుపెడితే వాదన అవుతుంది. "మీ అమ్మ నిజంగా పాలనుకుంటే పిల్లలకి ఇచ్చేస్తారు, అప్పుడేం చేద్దాం?" అని అడగండి. షాట్ వద్దనడం లేదు, విరక్కుండా నేనే చేసి పెడతాను, అత్తయ్యగారికి చెప్పడం మాత్రం మీ పని అనండి. ఆయన అప్పటికీ "నువ్వే చెప్పు" అంటే, తల్లికి చెప్పడానికి ఆయనకీ భయమే ఉందని అర్థం. అప్పుడు ఆ భయం గురించి మాట్లాడుకోండి ఇద్దరూ, షాట్ గురించి కాదు. నలభై ఏళ్ళొచ్చినా అమ్మ ముందు ఆ భయం పోని మగవాళ్ళు మన చుట్టూ చాలామందే ఉన్నారు, ఆయన్ని చిన్నబుచ్చకండి.

పార్టీ అయ్యాక మిగిలిన రమ్ము క్రీముని పాల సీసాలో పోసి ఫ్రిజ్ తలుపులో పెట్టకండి. మీ ఇంట్లో పొద్దున అందరికంటే ముందు లేచి కాఫీ కలిపేది అత్తగారేనని రాశారు. వేరే ఆకారం సీసాలో పోసి, మార్కరుతో తెలుగులో పెద్దక్షరాలతో 'మద్యం' అని, చేసిన తేదీ రాసి, బేస్‌మెంట్ ఫ్రిజ్‌లో పెట్టండి. అలా వారం దాకా ఉంటుంది, ఆ తర్వాత సింకులో పోసేయండి.